కనిపించని అక్షరం

2010లో పెళ్ళయి టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చేనాటికి నాకు ఐదేళ్ళ ఉద్యోగానుభవం ఉంది. అమీర్‌పేటలో మైత్రివనం పక్క సందులో, మూడో అంతస్తు గదిలో, వందమందితో కిక్కిరిసి కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్న బాపతు నేను. మాన్యువల్ టెస్టింగ్, విన్‌రన్నర్, లోడ్‌రన్నర్ అంటూ ఫ్యాన్ గాలికి ఎగిరిపోయే జిరాక్సు కాగితాలే మా పాఠ్యపుస్తకాలు. ఆ చదువుతోనే హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంతోనే చెల్లి చదువుకి నా వంతు డబ్బు కట్టాను. ఇర్వింగ్ వచ్చాక అదంతా సూట్‌కేసులో పట్టుచీరల కింద దాచిన సర్టిఫికెట్ల ఫైలైపోయింది. ఎచ్-4 వీసా మీద వచ్చినవాళ్ళు ఇక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, కారు నడుపుకోవచ్చు. అప్పట్లో ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు.

మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో నాలాంటివాళ్ళు పదిమందికి తక్కువుండరు. సాయంత్రం ఉయ్యాలల దగ్గర పిల్లల్ని ఊపుతూ “అక్కడ ఏం చేసేదానివి?” అని అడిగితే సగం మంది “టెస్టింగ్ చేసేదాన్ని” అనేవాళ్ళు. ఆ టెస్టర్లు మళ్ళీ పనిలో ఎలా పడ్డారో, అందులో విజయవాడలో ఉన్న మా నాన్న పాత్ర ఏమిటో ఇన్నాళ్ళకి రాయాలనిపించింది.

నాన్న గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో ముప్ఫైనాలుగేళ్ళు ప్రూఫ్‌రీడరు. సీసం అక్షరాలతో మొదలుపెట్టి ఆఫ్‌సెట్ దాకా చూశారు. రిటైరయ్యాక ఆ జ్ఞాపకాలు రాసుకోవాలని కోరిక. చెయ్యి వణుకుతోందంటే కంప్యూటర్ కొనిచ్చి, తెలుగులో టైపు చేసుకోవడానికి ఉచితంగా దొరికే ఒక ఎడిటర్ పెట్టిచ్చాను. దాని పేరు చెప్పను. భారతీయ భాషల్లో రాసుకునేవాళ్ళ కోసం పదిమంది కలిసి, జీతాలు లేకుండా, తీరికవేళల్లో తయారుచేసిన చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది.

ఆదివారం ఆదివారం నాన్న ఫోన్‌లో ప్రూఫు దిద్దినట్టు తప్పులు చెప్పేవారు. “అమ్మడూ, ‘లక్ష్మి’లో మ వత్తు కిందికి రావడం లేదు, పక్కకి పోయి నిలబడుతోంది.” “బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే గుణింతం ఒక్కటే పోవాలా, అక్షరమంతా పోవాలా? వీడు ఒక్కోసారి ఒక్కోలా చేస్తున్నాడు.” నేను వాటిని ప్రాజెక్టువాళ్ళకి రాసి పంపేదాన్ని. ఏం చేస్తే ఏం జరిగింది, అసలు ఏం జరగాలి, ఏ మెషిన్ మీద, ఏ వెర్షన్‌లో అని వివరంగా. చేతికి అలవాటైన పనేగా! పదో ఉత్తరానికి కాబోలు, ప్రాజెక్టు చూసుకునే బోస్టన్ పెద్దాయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మీరు వృత్తిరీత్యా టెస్టరా, బయటివాళ్ళు పంపే మార్పుల్ని పరీక్షించే పని ఇక్కడ ఎవరూ పట్టించుకోవడం లేదు, మీరు చూస్తారా అని.

మావారు ఒకటే షరతు పెట్టారు. “చెయ్యి. కానీ పైసా ముట్టుకోకు. గిఫ్ట్ కార్డు ఇచ్చినా వద్దను.” వీసా భయం అలాంటిది. అలా జీతం బత్తెం లేని పనిలో పడ్డాను.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి నేను మా ఉగాది పాట్‌లక్ గురించి చెప్తాను. ఎవరికి చేతనైంది వాళ్ళు వండి తెస్తారు. పులిహోర ముగ్గురు తెస్తారు, ఉగాది పచ్చడి ఎవరూ తేరు. తెచ్చిన ప్రతి గిన్నె మీదా చీటీ అంటిస్తాం. పల్లీ పడని పిల్లలు మా కాంప్లెక్సులోనే ఇద్దరున్నారు మరి. “వదినా, ఇందులో పల్లీలు వేశావా?” అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. అడగకుండా వడ్డించడమే తప్పు.

అక్కడా అంతే. కోడంతా అందరికీ కనపడేలా ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా చూసి, ఈ నాలుగు లైన్లు ఇలా మారిస్తే బాగుంటుందని మార్పు పంపొచ్చు. అడక్కుండా ఇచ్చిన కానుక అది. అయినా కలుపుకునేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. చెప్పిన పని చేస్తోందా? ఇప్పటిదాకా సవ్యంగా నడుస్తున్నది దేన్నైనా పాడుచేస్తోందా? రేపు ఆ పంపినాయన కనపడకపోతే మనం అర్థం చేసుకుని నిలబెట్టుకోగలమా? ఇందులో కొంత పని యంత్రమే చేస్తుంది. మార్పు రాగానే, ముందే రాసిపెట్టిన పరీక్షలన్నీ తనంతట తాను నడిపి, పచ్చ టిక్కో ఎర్ర ఇంటూనో పెడుతుంది. అయితే దానికి ప్రశ్నపత్రం మనిషే రాసివ్వాలి. అడగని ప్రశ్నకి అది జవాబు చెప్పదు. నేను చేరేనాటికి మా ప్రాజెక్టు ప్రశ్నపత్రంలో తెలుగుకి ఉన్న ప్రశ్నలు పదకొండు!

అప్పటికి ముప్ఫైకి పైగా మార్పులు వరసలో ఉన్నాయి. కొన్నిటికి ఎనిమిది నెలలుగా జవాబే లేదు. చేతిలో పళ్ళతో వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి తలుపు తియ్యనట్టు ఉంది. ఒక్కదాన్నీ నెగ్గుకురాలేనని ఉయ్యాలల దగ్గర అడిగాను.

“డబ్బులు రావు కదక్కా?” అంది రెండో అంతస్తు వరంగల్ అమ్మాయి.

“రావు.”

“మరి మేనేజరు?”

“ఎవరూ లేరు.”

“అయితే నేనొస్తా.”

అలా మంగళవారం పొద్దున పదింటికి మా డైనింగ్ టేబుల్ చుట్టూ ఐదుగురం చేరేవాళ్ళం. ఐదు లాప్‌టాప్‌లు, ఒక ఫ్లాస్కు కాఫీ, కింద చాప మీద ఒక చంటిపిల్లాడు. ఒకళ్ళ దగ్గర పాత విండోస్ ఎక్స్‌పీ, ఒకళ్ళ దగ్గర విండోస్ 7, ఒకళ్ళ దగ్గర ఉబుంటు, ఒకళ్ళ దగ్గర మాక్. కంపెనీల్లో లక్షలు పోసి ఏర్పాటు చేసుకునే టెస్టింగ్ ల్యాబు మాకు వాళ్ళవాళ్ళ ఇళ్ళలోని పాత మెషిన్లతో కుదిరింది. భాషలూ అంతే. బళ్ళారి ఆవిడకి తెలుగూ కన్నడమూ వచ్చు. హోసూరు ఆవిడకి తెలుగూ తమిళమూ వచ్చు.

వచ్చిన మార్పుల్ని మూడు గుట్టలు చేశాం. అక్షరాల రూపానికి సంబంధించినవి, ఫైళ్ళకి సంబంధించినవి, మెనూల్లో మాటలకి సంబంధించినవి. ఒక్కో మార్పుకీ ఎక్సెల్‌లో ఒక వరస. ఎవరు పంపారు, ఎవరు చూస్తున్నారు, ఏ మెషిన్ల మీద చూశారు, ఏం తేలింది. ఏ మార్పు వచ్చినా నాలుగు రోజుల్లో జవాబు వెళ్ళాలని నియమం పెట్టుకున్నాం. ఇంకా చూడకపోతే “అందింది, చూస్తాం” అని అయినా సరే. రెండు నెలల్లో ఆ వరస ఆరుకి దిగింది. ఆశ్చర్యమేమిటంటే, జవాబులు వెళ్తున్నాయని తెలిసి కొత్త మార్పులు రావడం ఎక్కువైంది.

మాకు దారి చూపించిన పని ఒకటుంది. యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన స్థానాలు 128. వాటిలో వత్తులకి విడిగా చోటు లేదు. ‘లక్ష్మి’ అన్న మాట కంప్యూటర్లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు ముక్కలుగా నిలవ ఉంటుంది. ఆ ముక్కల్ని చదివి, ఫాంటులోంచి తగిన బొమ్మలు ఏరి, ఒకదాని కింద ఒకటి పేర్చే పని ఇంకో ప్రోగ్రాముది. ఇది చెప్తే నాన్న వెంటనే “అయితే అది కంపోజిటరన్నమాట” అన్నారు. ఇంత బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. ఈనాడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రాఫీస్ అన్నిటిలోనూ ఆ కంపోజిటర్ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. దాన్ని నడిపించిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టి టొరంటోలో చదువుకున్నాయన. ఆ పేరు కూడా పారశీకంలో అక్షరం, తెరిచి ఉన్నది అనే రెండు మాటల కలయిక.

తెలుగు రాయని మనిషి తెలుగు అక్షరాలు సరిగ్గా పేరుస్తున్నాడో లేదో ఎలా పరీక్షించుకుంటాడు? వికీపీడియాలోంచి భాషలవారీగా మాటలు పోగేశారు. ప్రతి మాటనీ తమ ప్రోగ్రాముతో ఒకసారి, విండోస్‌లో ఉండే యూనిస్క్రైబ్‌తో ఒకసారి పేర్పించి, రెండూ ఒకేలా వచ్చాయా అని పోల్చారు. ఆ రోజుల్లో ఒక మార్పు కింద రాసిన ఫలితాలు చూసి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. తెలుగులో 9,70,573 పరీక్షలు. అందులో 9,70,555 సరిపోయాయి. తేడా వచ్చినవి 18. మా పదకొండు ప్రశ్నలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంకొకటి కూడా తట్టింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో తమ ఊరి చెరువు గురించో, చిన్నప్పుడు చూసిన సినిమా గురించో పుణ్యానికి రాసినవాళ్ళెవరికీ తాము టెస్టర్లమని తెలియదు. వాళ్ళు రాసిన మాటలే ఎక్కడో ఎవరి కోడ్‌కో పరీక్ష పెట్టాయి.

ఇక నా తప్పు గురించి చెప్పాలి.

యూనికోడ్‌లో కనిపించని అక్షరం ఒకటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వెడల్పు సున్నా. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా అడ్డుపడటమే దాని పని. అది ఉంటే ‘సాఫ్ట్‌వేర్’ అని విడివిడిగా, చదువుకునేలా వస్తుంది. లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. చిక్కేమిటంటే ఒకరు అది పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు. అందువల్ల ఒకలా రాసినదాన్ని ఇంకోలా వెతికితే దొరకదు.

2013 అక్టోబరులో కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడు దీనికి పరిష్కారం పంపాడు. అతనికి అదే మొదటి మార్పు. కోడ్ శుభ్రంగా రాశాడు. మంగళవారం నేనూ, ఇంకొకావిడా కూర్చుని చూశాం. రెండు రకాలుగా రాసిన మాటలూ వెతికితే దొరుకుతున్నాయి. పెద్ద ఫైళ్ళలోనూ వేగం తగ్గలేదు. యంత్రం పచ్చ టిక్కు పెట్టింది. మేమిద్దరం సరేనన్నాం. నవంబరు మొదట్లో కొత్త వెర్షన్ బయటికి వెళ్ళింది.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఆదివారం ఫోన్ మోగింది. “అమ్మడూ, నా ఉద్యోగం పోయింది” అన్నారు నాన్న. రిటైరై అప్పటికి పన్నెండేళ్ళు. ఏమిటన్నాను. “నేను ప్రూఫ్‌రీడర్ని కానట. ‘ప్రూఫ్రీడర్’నట. మా ప్రెస్సు ‘గవర్నర్పేట’లో ఉండేదట. మా ఫోర్‌మన్ ‘ఫోర్మన్’ అయ్యాడు.” నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి.

కోడ్ తెరిచి చూస్తే అర్థమైంది. ఆ కుర్రాడు వెతికేటప్పుడు కనిపించని అక్షరాన్ని పట్టించుకోకుండా ఉండటానికి బదులు, ఫైలు సేవ్ చేసేటప్పుడే దాన్ని తీసేశాడు. మేము వెతికి చూశాం. సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి చూడలేదు. ఐదేళ్ళు జీతం తీసుకుని చేసిన పని నాది. మొదటి వారం నేర్పే పాఠం మర్చిపోయాను. నాన్న ఆ నెలలో నూట అరవై పేజీలూ ఒక్కొక్క అధ్యాయమే తెరిచి, ఒకటో రెండో మాటలు దిద్ది, సేవ్ చేశారు. చెరిగిపోయింది కనిపించనిది కాబట్టి అది ఎక్కడెక్కడ ఉండేదో చెప్పే గుర్తు కూడా మిగల్లేదు. ఏది నిజంగా వత్తో, ఏది విడిపోవాల్సిన మాటో మనిషి చదివితేనే తేలుతుంది. మరో నలుగురు కూడా రాశారు, తమ ఫైళ్ళకీ ఇదే జరిగిందని. ఆ రాత్రే వెర్షన్ వెనక్కి తీసుకున్నాం. నాన్న ఎప్పుడో నాకు పంపిన పాత కాపీతో చాలా భాగం బాగుపడింది. చివరి మూడు అధ్యాయాలు ఆయనే కూర్చుని దిద్దుకున్నారు.

ఆ కుర్రాడు “సారీ మేడం” అని ఒక్క ముక్క రాసి మాయమైపోయాడు. నేను అతనికి మూడు పేరాల ఉత్తరం రాసిపెట్టుకున్నాను. అందులో మంచిమాట ఒక్కటీ లేదు. పంపేముందు నాన్నకి చెప్పాను.

“ఆ ప్రూఫు ఎవరు చూశారు?” అన్నారాయన.

“నేనే నాన్నా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. “అయితే కంపోజిటర్ని ఎందుకు తిట్టడం? తిడితే రేపట్నించి వాడు తప్పు చెయ్యడం మానడు. తప్పు జరిగిందని చెప్పడం మానేస్తాడు.”

ఆ రోజు ఆయన ఫోన్‌లో గంటసేపు ప్రెస్సు పని చెప్పారు. ఇంట్లో ఇరవైమూడేళ్ళు ఉండి కూడా నేను ఎప్పుడూ అడగని సంగతులు. కంపోజ్ చేసినవాడు తన ప్రూఫు తను చూడకూడదు. రాసింది కాకుండా, రాద్దామనుకున్నదే కంటికి కనిపిస్తుంది. ప్రూఫు ఒక్కరే చూడకూడదు. కాపీ హోల్డర్ అసలు ప్రతిని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, ప్రూఫ్‌రీడరు అచ్చు చూసుకోవాలి. రెండో ప్రూఫులో దిద్దినచోట మాత్రమే చూసి ఊరుకోకూడదు. “లైనంతా చదవాలి అమ్మడూ. ఒక అక్షరం పీకి ఇంకోటి పెట్టేటప్పుడు పక్కది ఊడుతుంది.” ఆఖరికి ముద్రించొచ్చని సంతకం పెట్టినవాడిదే పూచీ. ఆ సంతకం కాగితం మీద ఉండాలి. ఇంకా, వాళ్ళ ప్రెస్సులో ఒక నోటుబుక్కు ఉండేదట. దొర్లిన తప్పు ప్రతిదీ అందులో ఎక్కించి, కొత్తగా చేరిన ప్రతివాడిచేతా ముందు అది చదివించేవారట.

అమీర్‌పేటలో ఇంగ్లీషు పేర్లతో నేను బట్టీపట్టిన చదువంతా ఇదే! మంగళవారం ఆ పద్ధతినే పెట్టుకున్నాం. ఒకరు మెషిన్ దగ్గర, ఒకరు కాగితం పట్టుకుని ఒక్కో మెట్టూ పైకి చదువుతూ. మార్పు చెప్పిన పని ఒక్కటే చూడకుండా, దాని చుట్టుపక్కలున్నవన్నీ ఒక చుట్టు చుట్టి రావాలి. ఫైలు ముట్టుకున్న మార్పు ఏదైనా సరే సేవ్, మూత, మళ్ళీ తెరవడం తప్పదు. దొర్లిన ప్రతి తప్పూ ప్రశ్నపత్రంలో శాశ్వతంగా ఒక ప్రశ్న కావాలి.

మూడు పేరాల ఉత్తరం చెరిపేసి ఆ కుర్రాడికి నాలుగు లైన్లు రాశాను. తప్పు పంపింది నువ్వైతే, దాటించింది నేను, ఈ తప్పు ఇక ఎవరూ చెయ్యకుండా పట్టుకునే పరీక్ష నువ్వే రాసివ్వాలి అని. మూడు వారాలు జవాబు లేదు. తర్వాత పరీక్షే వచ్చింది. ఫైలు సేవ్ చేసి, మూసి, తెరిచి, ఒక్కో అక్షరమూ పోల్చే పరీక్ష. నమూనాగా వాడిన మొదటి మూడు మాటలు నేను పంపినవి: గవర్నర్‌పేట, ఫోర్‌మన్, ప్రూఫ్‌రీడర్. దానితోపాటు, ఫైలుని ముట్టుకోకుండా వెతికే పద్ధతి కూడా రాసి పంపాడు. ఈసారి కింద “అక్కా” అని ఉంది.

నాన్నకి ఇదొక కాలక్షేపమైంది. వారానికి ఇరవై చిక్కుమాటలు పంపేవారు. అరుదైన వత్తులు, బండి ఱలు, అరసున్నలు, పాత పుస్తకాల్లో తనను ఏడిపించిన మాటలు. “ఈ వారం నా మాటలు ఎన్ని తప్పాయి?” అని అడిగేవారు. అన్నీ గట్టెక్కాయంటే కొంచెం నిరాశపడేవారు కూడా.

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ వార్త వచ్చింది. ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్ల రహస్యాలు కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రాజెక్టులో పెద్ద రంధ్రం. అవతలివాళ్ళు పంపిన సందేశం వాళ్ళు చెప్పినంత పొడవు ఉందో లేదో చూసుకోకపోవడం, అంతే. బయటి నుంచి వచ్చిన ఒక మార్పులో ఉన్న తప్పది. పంపినాయన జర్మనీలో పరిశోధక విద్యార్థి. ప్రాజెక్టువాళ్ళలో ఒకరు చూసి సరేనన్నారు. కలిపింది 2011 డిసెంబరు 31 రాత్రి. రెండేళ్ళపైన ఎవరి కంటా పడలేదు. ఆ మంగళవారం మా టేబుల్ దగ్గర ఎవరూ ఎవరినీ ఎద్దేవా చెయ్యలేదు. ప్రపంచమంతా ఆనుకున్న గోడకి కాపలా ఉన్నది గుప్పెడుమంది అని అప్పుడే చాలామందికి తెలిసింది. కాకినాడ కుర్రాడు ఆ వార్త పంపి కింద రాశాడు: “అక్కా, మనం తేలిగ్గానే బయటపడ్డాం.”

2015 మే 26 నుంచి ఎచ్-4 మీద ఉన్న కొందరికి పని చేసుకునే అనుమతి మొదలైంది. మా ఐదుగురిలో నలుగురికి వర్తించింది. వరంగల్ అమ్మాయి ఇంటర్వ్యూలో అందరూ భయపడే ప్రశ్నే అడిగారట, ఈ ఐదేళ్ళూ ఏం చేశారని. లైనక్స్ కెర్నెల్‌వాళ్ళ దగ్గర ఒక మంచి ఆచారం ఉంది. మార్పు కింద రాసినవాళ్ళ పేరుతోపాటు, పరీక్షించినవాళ్ళ పేరు కూడా ‘టెస్టెడ్ బై’ అని ఒక లైను పెడతారు. నాన్న చెప్పిన సంతకం అదే కాబట్టి మేమూ అదే పాటించాం. ఆ పిల్ల లాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పి తన పేరు వెతికి చూపించింది. రెండొందల పద్నాలుగు మార్పుల కింద తేదీలతో సహా ఉంది. ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇదంతా శుభం కార్డు పడ్డట్టు చెప్పకూడదు. మాకు ఉద్యోగాలు రావడంతో మంగళవారాలు పోయాయి. ఆర్నెల్లలో వరస మళ్ళీ ఇరవై దాటింది. ఒకళ్ళిద్దరి తీరిక మీద నిలబడే పని, ఆ తీరిక పోగానే కుంటుతుంది. ఆదివారం రాత్రులకి మార్చుకున్నాం. కొత్తవాళ్ళని వెతుక్కున్నాం. తెలుగు బడికి వెళ్ళే మా పిల్లల్ని కూడా కూర్చోబెట్టాం. తప్పులు పట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. మనం ఊహించని చోటల్లా నొక్కుతారు.

2018 ఫిబ్రవరిలో తెలుగు మాట ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన వరసలో వస్తే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలుతున్నాయని. వారంలోపే సవరించారు. మా ఆఫీసులో ఒకతను “మీ భాష ఫోన్లను పడగొడుతోందట” అని నవ్వాడు. నేను ఆ వరస విడదీసి చూశాను. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత మన కనిపించని అక్షరం, దాని తర్వాత దీర్ఘం. అలా ఎవరూ రాయరు. కానీ ఎవరూ రాయనిది రాసి చూడటమే మా పని. ఆ సాయంత్రమే దాన్ని మా ప్రశ్నపత్రంలో చేర్చాం.

2024 మార్చి 29న బయటపడిన సంగతి ఇంకా ఒళ్ళు జలదరింపజేసింది. ఎక్స్‌జీ అనే ప్రాజెక్టుకి ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్ళపైన మంచివాడిలా మార్పులు పంపి, నమ్మకం సంపాదించి, దొంగదారి పెట్టాడు. అది దాచిన చోటు పరీక్షల కోసం ఉంచిన ఫైళ్ళు! శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని కూపీ లాగి పట్టుకున్నాడు. ఆ వారాంతం మేము మా పరీక్ష ఫైళ్ళన్నీ తెరిచి ఒక్కొక్కటే చూశాం. మనిషి చదవలేని ఫైలు ఏదీ ఇక పరీక్షల్లో ఉండకూడదని నియమం రాసుకున్నాం. నాన్న మాటల జాబితా ఆ నియమానికి నిలబడింది. రెండువేల మూడొందల పైచిలుకు మాటలు, అన్నీ చదువుకోగలిగినవే.

నాన్నకి ఇప్పుడు ఎనభైరెండు. కళ్ళకి ఆపరేషన్ అయింది. ఎక్కువసేపు తెర చూడలేరు. పుస్తకం పూర్తయింది, మూడొందల కాపీలు వేయించాం. ఆఖరి ప్రూఫు నన్ను చూడనివ్వలేదు. “కూతురివి, మొహమాటపడతావు” అని ఇంకొకరికిచ్చారు.

పోయిన నెలలో బ్రెజిల్ నుంచి ఒకతను మార్పు పంపాడు. తెలుగు అక్షరం ఎన్నడూ చూసి ఉండడు. ఫైళ్ళు త్వరగా తెరుచుకోవడానికి ఏదో చేశాడు. యంత్రం ఎర్ర ఇంటూ పెట్టింది. మొదటి లైనులోనే ‘గవర్నర్‌పేట’ ‘గవర్నర్పేట’ అయింది. నాకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి, తేడా ఏమిటి, అసలు ఈ మాటకి అర్థమేమిటి అని మర్యాదగా అడిగాడు. అది విజయవాడలో ఒక పేట అని, అక్కడ ఒక ప్రెస్సు ఉండేదని, మధ్యలో కనిపించని అక్షరం ఒకటి ఉంటుందని రాశాను. రెండు రోజుల్లో సరిచేసి పంపాడు. అన్నీ పచ్చబడ్డాయి.

ఆదివారం నాన్నకి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు.

“ఆ అబ్బాయిని ఏమీ అనలేదు కదా?”